భుజాల మీద సుద్ద

సూళ్లూరుపేటలో ఐదూపది లోకల్ ఎక్కితే
ఎనిమిదిన్నరకి చేపాక్కం.
తడ దాటగానే
బోర్డుల మీద అక్షరాలు మారతాయి.
ఒళ్లో పుస్తకం మాత్రం ఇంగ్లీషే.

మొదటి ప్రాక్టికల్‌కి శవం కావాల్సొచ్చింది.
గోనెసంచి బొమ్మని ఎలుకలు కొట్టేశాయని
అటెండర్ తల గోక్కున్నాడు.
పొట్టిదాన్నని, సుద్దముక్క ఆదా అవుతుందని
నన్ను పడుకోమన్నారు.

పడుకున్నాను, కుడిచెయ్యి తలపైకి, ఎడమకాలు మడిచి.
శివకామి టేపు పట్టింది.
కిటికీ నుంచి నా మడమకి రెండు మీటర్ల పద్నాలుగు.
చెవి పక్కన గీత గీస్తుంటే చక్కిలిగిలైంది.
నవ్విన శవానికి మార్కులు కట్ అన్నారు.
పైన ఫ్యాను, దాని రెక్క మీద ఎవరిదో పేరు,
నాకు ముందు ఏ శవం చదువుకుందో.

లేచి భుజాలు దులుపుకుంటూ
సెల్వరంగం సార్‌కి మా సామెత చెప్పాను,
గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాడని.
ఆయన నవ్వలేదు.
"ఆ ఊళ్లో గుమ్మడికాయ మొయ్యనివాడెవడమ్మా?
బూడిదంటని భుజం ఒక్కటి చూపించు,
తర్వాత కేసు రాద్దాం."
నోట్సులో ఎక్కించలేదు. పరీక్షలో రాదు కదా.

పరీక్షలో వచ్చేవి వేరే.
శిక్షకి ఉద్దేశాలెన్ని, వివరింపుము.
పాత సెక్షన్లకి కొత్త నంబర్లు.
ఫోర్ ట్వంటీ ఇప్పుడు మూడొందల పద్దెనిమిది.
ఆ సంగతి తెలీక మా మేనమామ
చీటీల రంగనాయకుల్ని
ఇంకా పాత చట్టం కిందే తిడుతున్నాడు.

సాయంత్రాలు మెరీనాలో పరుగు, ఎస్సై సెలక్షన్ల కోసం.
పొడి ఇసుక ఊపిరి లాక్కుంటుంది,
తడి ఇసుక అడుగుల లెక్క రాసుకుని
వెంటనే చెరిపేస్తుంది.
శివకామికి ఫోరెన్సిక్ ల్యాబు కావాలి,
జోయెల్‌కి జైలర్ పోస్టు.
"నువ్వు పోలీసా, ప్లీడరా?" అంది మా అత్త.
రెండింటికీ మధ్యలో అన్నాను.
"మధ్యలో ఉండేది గుమాస్తా కదే."

జనవరిలో పుళల్ జైలుకి పంపారు,
న్యాయసహాయం వాళ్లకి తెలుగు మనిషి కావాలని.
ఫోనూ, జడపిన్నులూ, టిఫిన్ డబ్బాలో చెంచా
గేటు దగ్గర వదిలేశాను.

మానికల పోలయ్య. రాగి తీగ కేసు.
ఊరు తడ, నా రైలు రోజూ రెండు నిమిషాలు ఆగే ఊరు.
బెయిలొచ్చి నలభై ఆరు రోజులు,
జామీనుకి ఇద్దరు దొరక్క లోపలే.
వకీలమ్మ తమిళంలో అడిగింది,
నేను తెలుగులో అందించాను,
నీ కోసం సంతకం పెట్టేవాళ్లున్నారా?

"సంతకాలొచ్చినోళ్లు మాలో యాడుండారు పాపా!
మా తాత దినామూ పొద్దుగూకేటప్పుడు
టేషన్‌కి బొయ్యి ఏలిముద్ర ఏసొచ్చేవోడంట,
రేత్రికి వూళ్లోనే ఉండాడని తెలియాల గదా.
తప్పేం జెయ్యలా. పుట్టాడంతే.
ఆ ముద్రలన్నీ యాడన్నా ఉంటే
ఒగటి తీసి నాకు జామీను పెట్టుకోమను."

వకీలమ్మ పెన్ను ఆగింది. ఏమంటున్నాడు?
బయట ఇంకా పదిమంది వరసలో ఉన్నారు.
"ఎవరూ లేరట" అన్నాను.
నా మాట ఎంత పొట్టిగా ఉందో
భాష రాకపోయినా అతనికి తెలిసింది.
నా మొహంలోకి చూశాడు, అంతే.

వార్డరు పిలిస్తే లేచాడు.
కొత్తగా సున్నం కొట్టిన గోడ.
భుజాలు రెండూ తెల్లగా,
ఎవరూ ఏమీ అడక్కుండానే
తడుముకుంటూ లోపలికి పోయాడు.

తిరుగు రైల్లో అత్తిపట్టు దాటాక రిపోర్టు తెరిచాను.
కుటుంబ నేపథ్యం, దానికి రెండు వేళ్ల గడి.
తాతని రాయడం మొదలుపెట్టాను.
గడి దాటి మార్జిన్‌లోకి, అక్కణ్ణుంచి వెనక పేజీకి.
రైలు కుదుపులకి వేలిముద్ర అన్న మాట
రెండుసార్లు వంకరపోయింది.

తడలో రైలు ఆగింది.
ప్లాట్‌ఫాం మీద ఎవరో రొయ్యల బుట్టలు దించుతున్నారు.
వకీలమ్మ నంబరు నొక్కాను.
మేడమ్, పొద్దున నేను తప్పు చెప్పాను.
అతను లేరు అనలేదండీ.